మేయర్ ప్రాట్ గారి టిప్పు కమిషన్

"కృతజ్ఞతకు కూడా ఒక పద్ధతి ఉండాలి!" అని మేయర్ డెల్మర్ ప్రాట్ గారు మా క్విన్‌బీ టౌన్ హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. "ఎవరికి టిప్పు ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు, ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ముఖం ఎటు తిప్పుకోవాలి... ఈ ప్రశ్నలతో ఈ దేశంలో సామాన్య పౌరుడు రోజూ నలిగిపోతున్నాడు. వాషింగ్టన్ నిద్రపోతోంది. క్విన్‌బీ నిద్రపోదు!"

మేమంతా చప్పట్లు కొట్టాం. ఒహాయోలో ఫిబ్రవరి గాలికి చేతులు కొంకర్లు పోతాయి కాబట్టి కాస్త ఎక్కువసేపే కొట్టాం. దాన్ని మా పత్రిక "అపూర్వ స్పందన" అని రాసింది.

గిట్టనివాళ్ళు దీనికి వేరే కారణం చెబుతారు. అంతకు ముందు వారం మేయర్ గారు ఫోటిస్ హోటల్లో భోంచేసి, చెర్రీ పై అనే పళ్ళ మిఠాయి తిని, సాయంత్రం దాకా కాఫీ పోయించుకుని, వెళ్తూ వెళ్తూ పళ్ళెం కింద "మళ్ళీ ప్రాట్‌కే ఓటు" అన్న కాగితం ఒకటి మాత్రం పెట్టి వెళ్ళారు. దాన్నెవరో ఫోటో తీసి ఊరంతటికీ ఫోన్లలో పంపారు. నేను ఆ పక్క బల్ల దగ్గరే ఉన్నాను కాబట్టి నిజం చెప్పగలను. ప్రాట్ గారు ఆలోచించకుండా ఏ పనీ చేయరు. ఆ రోజుకి ఆలోచన పూర్తికాలేదు, అందుకే ఇవ్వలేదు. ఇందులో పిసినారితనం ఎక్కడుందో నాకు కనిపించదు. ఎన్నికలు శరత్కాలంలో ఉండడం కూడా కాకతాళీయమే.

ఆ చెర్రీ పై వడ్డించింది మార్సీన్. ఆవిడ గురించి చెప్పాలి.

మార్సీన్ ఆ హోటల్లో ఎన్నాళ్ళుగా ఉందో ఆవిడకే గుర్తులేదు. మనిషి పొడుగు, గొంతు పెద్దది, ఊళ్ళో అందరూ ఆవిడకి "బంగారం". మేయరూ బంగారమే, చెత్తబండి డ్రైవరూ బంగారమే. నేను పొద్దున్నే అక్కడికి వెళ్ళి కూర్చోగానే నాకు ఇంట్లో పొయ్యి కట్టేశానా లేదా అన్న బెంగ మొదలవుతుంది. లేచి వెళ్ళబోతాను. మార్సీన్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడుతుంది.

"కట్టేశావు బంగారం. నిన్నా కట్టేశావు. రేపూ కట్టేస్తావు. కాఫీ తాగు."

ఆవిడ మా ఇంటికి ఎన్నడూ రాలేదు. మా పొయ్యిని ఎన్నడూ చూడలేదు. అయినా ఆవిడ చెబితే నాకు నమ్మకం కలిగేది. ఆ మాట చెప్పేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒక బండెక్కి వెళ్ళారు. నాకు బస్టాండన్నా, ఇంజను ఆపకుండా ఇంటి ముందు నిలిపిన కారన్నా ఇప్పటికీ గుండె దడ.

మా రాష్ట్రంలో వడ్డించేవాళ్ళకు యజమాని ఇచ్చే జీతం చట్టప్రకారమే అరకొర. మిగతాది జనం కప్పుల కింద పెట్టి వెళ్తారని చట్టానికి గట్టి నమ్మకం. జనం పెట్టకపోతే ఆ లోటు యజమానే పూడ్చాలని కూడా అందులోనే ఉందట. మా హోటల్ యజమాని ఫోటిస్ ఇంకా ఆ పేజీ దాకా రాలేదు.

కమిషన్ ఏర్పాటైంది. అధ్యక్షులు మేయర్ గారే. కార్యదర్శి ఆయన సహాయకురాలు కెండ్రా. ఈ పిల్ల నడుస్తూ కూడా టైపు చేయగలదు. సభ్యుల ఎంపికలో మేయర్ గారు చూపించిన నిష్పక్షపాతం చూడండి: జీవితంలో ఎవరికీ టిప్పు ఇచ్చి ఎరగనివాళ్ళనే ఏరి తీసుకున్నారు. ఇచ్చినవాళ్ళకు ముందే ఒక అభిప్రాయం ఉండిపోతుంది కదా! వాళ్ళలో ముఖ్యుడు గ్రిమ్‌షా గారు. అంత్యక్రియల హోమ్ నడుపుతారు. "మా వృత్తిలో ఎంత బాగా చేసినా కస్టమరు లేచి టిప్పు ఇచ్చింది లేదు, నేను బతకడం లేదా?" అన్నది ఆయన వాదన.

ఆఫీసు గదిలో కూర్చుంటే నిజం తెలియదని కమిషన్ ఫోటిస్ హోటల్లోనే మూల బల్ల దగ్గర బైఠాయించింది. దీనికి ఫీల్డ్ స్టడీ అని పేరు. పొద్దున గుడ్లు, బేకన్, దోసెల్లాంటి పాన్‌కేకులు. మధ్యాహ్నం సూపు. మధ్యమధ్య కాఫీ. మార్సీన్ జగ్గు పట్టుకుని తిరుగుతూనే ఉంది.

మొదటి రోజు వాళ్ళు లేచి కోట్లు తొడుక్కున్నారు. బల్ల మీద పళ్ళేలు, నలిపిన కాగితపు రుమాళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఏం బంగారం, ఏదో మర్చిపోయినట్టున్నారు?" అంది మార్సీన్ నవ్వుతూ.

మేయర్ గారు చాలా బాధగా చూశారు. "మార్సీన్, నాకు ఇవ్వాలనే ఉందమ్మా. చెయ్యి జేబులోకి వెళ్తోంది కూడా. కానీ విషయం విచారణలో ఉంది. తీర్పు రాకముందే జడ్జి ఒక పక్షానికి డబ్బిస్తే ఏమంటారు?"

"లంచం అంటారు" అన్నారు గ్రిమ్‌షా గారు.

"చూశావా. నీ మంచికే."

"మరి తీర్పు ఎప్పుడొస్తుంది?"

"తొందరపడి ఇచ్చే తీర్పు నీలాంటివాళ్ళకి అవమానం" అన్నారు మేయర్ గారు. కెండ్రా ఆ వాక్యాన్ని అక్కడికక్కడే పత్రికకు పంపింది.

మర్నాడు అది పత్రికలో పడింది. అసలు అద్భుతం అప్పుడు మొదలైంది. మా ఊరి జనానికి చట్టమంటే ఎంత గౌరవమో నాకు అంతవరకు తెలియదు. మేయరే ఇవ్వనప్పుడు మనం ఇస్తే కమిషన్ పనిలో జోక్యం చేసుకున్నట్టు కాదా అని ఒక్కొక్కరికీ సందేహం వచ్చింది. ఏళ్ళ తరబడి మార్సీన్ కప్పు కింద నోటు పెట్టి వెళ్ళిన పెద్దమనుషులు ఇప్పుడు కప్పును కాస్త ఎత్తి, దాని కింద చూసి, భక్తిగా దింపేసి వెళ్ళిపోసాగారు. క్షౌరశాలలో, టాక్సీలో, పిజ్జా తెచ్చినవాడి ముఖం మీద తలుపేసేటప్పుడు, అంతటా ఒకటే మాట: "కమిషన్ తేల్చాక ఇస్తాం." ఊళ్ళో జనం ముఖాల్లో ఎప్పుడూ లేని ప్రశాంతత కనిపించింది. ఇన్నాళ్ళూ ఎంతివ్వాలా అని సతమతమైన మనుషులు మరి!

ఒక ఆదివారం మా చర్చిలో కానుకల పళ్ళెం తిరిగి తిరిగి ఖాళీగా పాస్టరు గారి దగ్గరికి చేరింది. ఆయన పళ్ళెం తిరగేసి చూశారు.

"ఇది టిప్పు కాదు, సోదరులారా!"

వెనక వరసలోంచి ఎవరో అన్నారు. "అది కూడా కమిషనే తేల్చాలి పాస్టరు గారూ. సేవ చేశారు, మేం విన్నాం. ఇవ్వాలా అక్కర్లేదా అన్నదే కదా ప్రశ్న?"

పాస్టరు గారు ఆ వారం తర్వాత ప్రసంగాలు బాగా కుదించారు. దీన్ని కమిషన్ సాధించిన తొలి విజయంగా నేను భావిస్తాను.

ఏప్రిల్ నెల చివర ఒక పొద్దున మార్సీన్ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ కూర్చోదు. ఆవిడ కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"బంగారం, ఇంటి అద్దె నా వల్ల కావట్లేదు. టల్సా నుంచి మా అక్క రమ్మంటోంది. వాళ్ళ గ్యారేజీ పైన గది ఖాళీగా ఉందట."

"టల్సా ఎంత దూరం?"

"నువ్వు బస్సులో నిద్రపోయి, లేచి, మళ్ళీ నిద్రపోవాలి."

"కమిషన్ తేల్చేస్తుంది మార్సీన్. కొంచెం ఆగమ్మా" అన్నాను.

"ఆగుతాలే. చెర్రీలకాలం దాటేదాకా ఆగుతా. ఎండాకాలం చివరిదాకా ఆగుతా. ఆపైన ఇల్లుగలావిడ ఆగదు."

ఆ రోజు నేను లేచేటప్పుడు ఒక నోటును నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతిలో కుక్కబోయాను. మూల బల్ల నుంచి గ్రిమ్‌షా గారి గొంతు మోగింది.

"అభ్యంతరం!"

కెండ్రా పరుగున వచ్చింది. "మామ్మగారూ, దయచేసి. ఇక్కడ స్టడీ జరుగుతోంది. మీరిలా చేస్తే డేటా పాడవుతుంది."

"ఇది నా డబ్బమ్మా."

"డబ్బు మీదే. సందర్భం కమిషన్‌ది."

మేయర్ గారు స్వయంగా లేచి వచ్చి నోటును నా చేతిలోనే తిరిగి పెట్టి, గుప్పిట మూసి, పైన తన చెయ్యి వేసి ఫోటోకి నిలబడ్డారు. "ఒక వృద్ధురాలి ఆవేదనను ఆలకించిన మేయర్" అని మర్నాటి పత్రికలో వచ్చింది. ఆయన చెయ్యి చాలా వెచ్చగా ఉంది. అది నేను కాదనలేను.

జూన్‌లో బహిరంగ విచారణ పెట్టారు. పౌరులెవరైనా వచ్చి మాట్లాడవచ్చు. నేను లేచాను.

"మార్సీన్ వెళ్ళిపోతుంది" అన్నాను.

"ఎక్కడికి?" అన్నారు మేయర్ గారు.

"టల్సాకి."

"టల్సాలో టిప్పుల పరిస్థితి ఎలా ఉంది?"

"నాకు తెలియదండీ."

"రాసుకో కెండ్రా. సాక్షి దగ్గర డేటా లేదు." ఆయన నా వైపు ఎంతో దయగా తిరిగారు. "అయినా మామ్మగారూ, మంచి ప్రశ్న లేవనెత్తారు. ఇతర ప్రాంతాల్లో ఎలా ఉందో తెలియకుండా మనం నిర్ణయించడం తప్పు. కమిషన్ పర్యటనకు వెళ్ళాలి."

హాలంతా నన్ను మెచ్చుకుంది. నేను కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, పర్యటన అంటే మరో నెలో రెండు నెలలో అని.

టిప్పు ఇస్తే అవమానంగా భావించే దేశం జపాన్ అని ముందు అక్కడికి వెళ్ళారు. ఇవ్వకపోతే అవమానంగా భావించే ఊరు లాస్ వేగస్ అని తర్వాత అక్కడికి వెళ్ళారు. దారిలో విమానం హవాయిలో ఆగింది. ఆగింది కాబట్టి అక్కడ కూడా కొన్నాళ్ళు అధ్యయనం చేశారు. అంత ప్రయాణంలోనూ మేయర్ గారు ఎక్కడా తూకం తప్పలేదు. జపాన్‌లో టిప్పు ఇవ్వలేదు, స్థానిక సంప్రదాయాన్ని గౌరవించి. లాస్ వేగస్‌లో ఇవ్వలేదు, ఒహాయో సంప్రదాయం ఇంకా తేలలేదు కాబట్టి. పెట్టెలు మోసే కూలీలను ఇరకాటంలో పెట్టకూడదని కెండ్రా చేతే మోయించారు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గ్రిమ్‌షా గారికి హవాయి ఎండకి ముక్కు మీద తోలు ఊడింది. మార్సీన్ ఇంటి ముందు "అద్దెకు ఇవ్వబడును" బోర్డు వెలిసింది.

"టికెట్ కొన్నావా?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"కొన్నా బంగారం. వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సు."

"వచ్చే శనివారం పొద్దున్నే కదా కమిషన్ తీర్పు! ఇక్కడే, ఈ హోటల్లోనే! మేయర్ గారు మొట్టమొదటి అధికారిక టిప్పు ఇస్తారట. ఎవరికనుకున్నావ్? నీకే!"

మార్సీన్ జగ్గు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "నాకా? ప్రాట్‌ గారా? పై నుంచి దేవుడు చూస్తుండగా?"

"పత్రికలో వేశారు."

"అయితే తల దువ్వుకొస్తా. ఆ తర్వాత ఈ జనం మళ్ళీ కప్పు కింద నోటు పెట్టడం మొదలెడితే, టికెట్ వాపసు ఇచ్చేస్తా పో. నీ మొహం చూసి."

ఆ వారమంతా నేను బాగా నిద్రపోయాను.

శనివారం హోటల్ కిటకిటలాడింది. ఫోటిస్ బల్లల మీద గుడ్డలు పరిచాడు. కెమెరాలు వచ్చాయి. మేయర్ గారు కుర్చీ ఎక్కి తీర్పు చదివారు. అది చాలా పెద్దది. సారాంశాన్ని బంగారు అక్షరాలతో జేబులో పట్టే కార్డుగా వేసి అందరికీ పంచారు. ముందువైపు ఒకటే వాక్యం: "టిప్పు ఇవ్వాలి, మనస్ఫూర్తిగా." వెనకవైపు "వర్తించని సందర్భాలు" అని చీమతలకాయలంత అక్షరాలు. నా కళ్ళద్దాలకు అందలేదు.

జనం ఈలలు వేశారు. మార్సీన్ కొత్త ఏప్రాన్ కట్టుకుని వచ్చి మేయర్ గారి కప్పులో కాఫీ పోసింది. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఆస్వాదించి, కోటు లోపలి జేబులోంచి ఒక నోటు తీశారు. దాన్ని గాలిలో పట్టుకుని ఎడమవైపు కెమెరాలకూ కుడివైపు కెమెరాలకూ చూపించి, మార్సీన్ అరచేతిలో పెట్టారు.

"క్విన్‌బీ నీకు రుణపడి ఉందమ్మా!"

"థాంక్స్ బంగారం" అంది మార్సీన్. నాకు ఏడుపొచ్చింది.

చప్పట్లు ఆగేసరికి కెండ్రా చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని మార్సీన్ ముందు నిలబడింది.

"ఇలా ఇస్తారా?"

"ఏంటమ్మా?"

"ఆ నోటు. అది టౌన్ ఖజానాది. పైగా చరిత్రాత్మకం. అద్దం బిగించి టౌన్ హాల్లో పెడతాం. కింద మీ పేరు కూడా ఉంటుంది."

మార్సీన్ నోటు వైపు చూసింది. మేయర్ గారి వైపు చూసింది. ఆయన అప్పటికే ఎవరి పసిపాపనో ఎత్తుకుని ముద్దు పెడుతున్నారు. తర్వాత హోటలంతా చూసింది. జనం బంగారు కార్డులు తిరగేసి వెనకవైపు శ్రద్ధగా చదువుకుంటున్నారు.

"ఇదిగో" అని నోటు కెండ్రా చేతిలో పెట్టింది. "జాగ్రత్త. మడత పడేను."

ఏప్రాన్ విప్పి, చక్కగా మడిచి, కౌంటర్ మీద పెట్టి, ఫోటిస్ బుగ్గ మీద ముద్దు పెట్టి బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడ ఇంటి దగ్గర పెట్టె తీసుకుని బస్టాండు దాకా నడిచాం. ఆవిడ పెట్టెకు ఒక చక్రం విరిగింది, అది రోడ్డంతా గీరుకుంటూ వచ్చింది.

బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "నా టిప్పు చూడాలనిపిస్తే టౌన్ హాలుకి వెళ్ళు బంగారం. నన్ను చూడాలనిపిస్తే మాత్రం టికెట్ కొనుక్కోవాలి."

నేను నవ్వాను. నవ్వకపోతే ఆవిడ దిగి వచ్చేస్తుందేమోనని, దిగి వస్తే బస్సు తప్పిపోతుందేమోనని, తప్పిపోతే మళ్ళీ వెళ్ళడం నేను చూడాల్సి వస్తుందేమోనని.

మేయర్ గారు ఎన్నికల్లో ఘనవిజయం సాధించారు. పొరుగూళ్ళ వాళ్ళు వచ్చి అద్దంలో నోటు చూసి వెళ్తున్నారు. కింద ఇత్తడి రేకు మీద మేయర్ గారి పేరు, కమిషన్ సభ్యుల పేర్లు, అద్దం బిగించిన దుకాణం పేరు ఉన్నాయి. చోటు చాలలేదని కెండ్రా చాలా నొచ్చుకుంది.

ఫోటిస్ కొత్త మనిషి కోసం బోర్డు పెట్టాడు. ఎవరూ రాలేదు. "కాఫీ అక్కడుంది, పోసుకోండి" అంటాడు వంటగది కిటికీలోంచి.

ఎన్నికల మర్నాడు పొద్దున నేను నా చోట కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ రాకపోయేసరికి లేచి, జగ్గు తెచ్చుకుని నా కప్పులో పోసుకున్నాను. మూల బల్ల దగ్గర కమిషన్ విజయోత్సవం జరుపుకుంటోంది. మేయర్ గారు నన్ను చూసి కప్పు ఎత్తి పట్టుకున్నారు.

"మామ్మగారూ! ఎలాగూ లేచారు కదా..."

వెళ్ళి పోశాను. గ్రిమ్‌షా గారు కప్పు జరిపారు. ఆయనకీ పోశాను. కిటికీ పక్కవాళ్ళు చెయ్యి ఊపారు. జగ్గు బరువుగా ఉంది, రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఎవరికో పాలు కావాలన్నారు, ఇంకెవరికో చెంచా కింద పడింది.

లేచేటప్పుడు మేయర్ గారు జేబులోకి చెయ్యి పెట్టారు. బంగారు కార్డు తీశారు. ముందువైపు చదివారు. తిప్పి వెనకవైపు వేలితో వెతుక్కుంటూ చదివారు. ఒకచోట వేలు ఆగింది. ఆయన ముఖం విప్పారింది. కార్డును భద్రంగా లోపల పెట్టుకుని నా రెండు చేతులూ పట్టుకుని ఊపారు.

"మీలాంటి వాలంటీర్లే ఈ ఊరికి బలం మామ్మగారూ!"

అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చాను. కాఫీ చల్లారిపోయింది. ఫోటిస్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"రేపు కాస్త పెందలాడే వస్తారా మామ్మగారూ? ఏడింటికే రద్దీ మొదలవుతుంది."

రేపు రమ్మని నన్నెవరైనా అడిగి చాలాకాలమైంది. వస్తానన్నాను.